నడుం కలుక్కుమంది, మెడ పట్టేసింది: కైరోప్రాక్టర్ దగ్గరికెళ్ళాలా, ఎక్సర్‌సైజులు చాలా?

గట్టుమీదబండి:
అందరికీ నమస్కారమండి. 41 ఏళ్ళు నాకు, ముమ్మిడివరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తున్నా. మేత బస్తా 25 కేజీలుంటదండి, రోజూ గట్టు మీంచి పడవలోకి దింపుకోవడం, ఒకే పక్కకి వంగి మేత జల్లడం, మేత మిగిలిందేమోనని నీళ్ళలోంచి చెక్ ట్రేలు లాగి చూడ్డం, రాత్రేమో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ల కాపలాకి మకాంలో నులక మంచం మీద పడుకుని ఫోన్ చూసుకోవడం, ఇదీ మన బతుకు. రెండు నెల్ల క్రితం బస్తా ఎత్తి పక్కకి తిరిగేసరికి నడుంలో కలుక్కుమంది, ఆ పూట లుంగీ కట్టుకోడానికి కూడా మనిషి సాయం కావాల్సొచ్చింది. మా అమ్మ ఊరుకుంటుందా, ఎదురుకాళ్ళతో పుట్టిన కుర్రాణ్ణి పిలిపించి మూడుసార్లు తన్నించింది, నవ్వకండి, తన్నించుకున్నాను, యాభై కూడా ఇచ్చాను. తర్వాత ఎమ్మారై తీస్తే ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్, అంటే నడుం కింద పూసల మధ్య మెత్త ఉబ్బిందట, ఆపరేషన్ అక్కర్లేదు అన్నారు, బెల్టు ఇచ్చారు. పెట్టుకున్నంతసేపు బావుంటది. కాలికి లాగడం, తిమ్మిరి లేవు. మెడైతే ఎడమ పక్క పట్టేసింది, వెనక బండేదైనా వస్తుంటే చూడ్డానికి నా బండాపి మనిషిని మొత్తం తిరగాలి. ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు కైరోప్రాక్టిక్ రీల్సే, అదే చేత్తో వెన్నూ మెడా సరిచేసే వైద్యమట, టకటకమని విరుస్తారు, వాళ్ళు నవ్వుతూ లేస్తారు. బావమరిది హైదరాబాద్ పదమంటున్నాడు. చేయించుకున్నవాళ్ళు చెప్పండి బాబూ.

పాలకొల్లు_ఇంటినుంచేపని:
నేను చేయించుకున్నానండి, హైదరాబాద్‌లో ఆరు సిట్టింగులు. మొదటిరోజు గాల్లో తేలినట్టే ఉంది, అబద్ధం చెప్పను, తిరుగు బస్సులో పాలకొల్లు దాకా నిద్రపోయాను. నాలుగోరోజుకి మళ్ళీ మామూలే, మళ్ళీ టికెట్టు. ఆ టక్ శబ్దం ఎముక తిరిగొచ్చి చోట్లో కూర్చున్నదని అనుకునేవాణ్ణి, అది జాయింట్లో ద్రవం మీద ఒత్తిడి తగ్గి గ్యాస్ బుడగ ఏర్పడే శబ్దమట, వేళ్ళు విరుచుకుంటే వచ్చేదే. ఆరోసారికి నాకే సిగ్గేసి మానేశా. ఇక్కడే ఫిజియో దగ్గర నేర్చుకుని పొద్దున్నే పావుగంట చేస్తున్నా, రెండు నెల్లు పట్టింది గానీ కుర్చీలో కూర్చునే టైం పెరిగింది. డబ్బులు పోయాయనను, ఆ నాలుగు రోజుల ఉపశమనంలో ఎక్సర్‌సైజ్ మొదలెట్టాల్సింది, అది చెయ్యలేదు, అదీ తప్పు.

కాకినాడ_ఫిజియో:
గట్టుమీదబండి గారూ, ముందో మాట. మూత్రం, దొడ్డికి పట్టు తప్పడం, తొడల మధ్య మొద్దుబారడం, కాలు బలం తగ్గిపోవడం, వీటిలో ఏ ఒక్కటున్నా ఈ థ్రెడ్ మూసేసి అదే పూట పెద్దాసుపత్రికి వెళ్ళండి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉన్నా డాక్టర్‌కి చెప్పాలి. ఇవేవీ లేవంటే భయం లేదు, మీ వయసులో ఎమ్మారై తీస్తే ఏ నొప్పీ లేనోళ్ళకి కూడా బల్జ్ కనబడుతుంది.

కైరోప్రాక్టిక్ అమెరికాలో 1895లో డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన మొదలెట్టింది, వెన్నుపూసలు తప్పడం వల్లే దాదాపు రోగాలన్నీ అనేవాడు, ఆ మాటకి ఆధారం లేదు. కానీ నడుం వరకు ఆ విరుపుడు కొంత పనికొస్తుంది, 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) మూడు నెల్లు దాటిన నడుం నొప్పికిచ్చిన సూచనల్లో అదీ ఉంది, ఎక్సర్‌సైజూ ఉంది. బెల్టు, ట్రాక్షన్ అంటే నడుం సాగదీసి లాగడం, ఈ రెండూ మాత్రం వద్దన్నారు, మా వాళ్ళు చాలామంది ఇంకా లాగుతూనే ఉన్నారనుకోండి. మెడ విషయం వేరు. గట్టిగా తిప్పితే అరుదుగా మెడలో రక్తనాళం లోపలి పొర చిరిగి పక్షవాతం వస్తుంది. అరుదే, కానీ ఆ ఒక్కడు మీరు కాకూడదు కదా. సెలూన్లో క్షవరం అయ్యాక మెడ టక్కుమనిపిస్తాడే, అదీ వద్దనండి, మర్యాద కోసం ఊరుకోవద్దు.

మెడకి: గోడకి ఆనుకుని నిలబడి, గెడ్డం కిందకి వంచకుండా వెనక్కి లాగండి, డబుల్ గెడ్డం వచ్చినట్టుంటుంది, ఐదు లెక్కపెట్టి వదలండి, పదిసార్లు. నడుముకి నడక, సైడ్ ప్లాంక్ అంటే పక్కకి పడుకుని మోచేతి మీద ఒళ్ళు లేపి ఉంచడం, చేతులూ మోకాళ్ళ మీద ఉండి కుడి చెయ్యీ ఎడమ కాలూ, తర్వాత ఎడమ చెయ్యీ కుడి కాలూ చాపడం. బస్తా ఎత్తేటప్పుడు ఒంటికి ఆనించుకుని, నడుం మెలిపెట్టకుండా పాదాలు తిప్పండి. ఒకే పక్కకి వంగి జల్లుతున్నారు చూడండి, మధ్యలో పక్క మార్చుకోండి.

కొబ్బరితోట_పెద్దాయన:
మా వలుపోళ్ళు రోజంతా గునపం మీద కాయలు వలుస్తారు, వాళ్ళకేం ఎక్సర్‌సైజులు? పనిచేసేవాడికి ఇవన్నీ ఎందుకండీ, కూర్చునే ఉద్యోగాలోళ్ళకి గానీ.

కాకినాడ_ఫిజియో:
మా క్లినిక్‌కి వచ్చేవాళ్ళలో వలుపోళ్ళూ ఉన్నారు బాబాయ్ గారూ. పనిలో ఒంటికి ఒకటే వంపు, అదే బరువు, వెయ్యిసార్లు. పనిలో వాడనివి కూడా కదపాలి కదా.

గట్టుమీదబండి:
థాంక్సండి అందరికీ. హైదరాబాద్ వాయిదా వేశా. మూడు రోజుల్నుంచి గెడ్డం లాగుతున్నా, నిన్న బండి ఆపకుండానే వెనక్కి చూడగలిగాను, కొంచెమే. సైడ్ ప్లాంక్ గట్టు మీద వేస్తే మా చెరువు కుర్రాడు "ఏవండీ పడిపోయారా?" అని పరిగెట్టుకొచ్చాడు. పది లెక్కపెట్టేలోపే వణుకొచ్చేస్తోంది, మోకాలు కింద ఆనించి చెయ్యొచ్చా?

కాకినాడ_ఫిజియో:
ఆయ్, మొదట్లో అలాగే చెయ్యండి. బురద లేనిచోట.