లంగా ఓణీని చంపింది ఎవరు? పంజాబీ డ్రెస్సా, సైకిలా?

గోదారిగట్టు | ఆదివారం, ఉదయం 9:12
నిన్న కూకట్‌పల్లిలో మా బావమరిది కూతురి ఓణీల ఫంక్షన్‌కి వెళ్ళొచ్చానండి. పిల్ల లక్ష్మీదేవిలా ఉంది. అక్షింతలు వేసి, ఫొటోలు దిగి, అటు తిరిగి ఇటు చూసేసరికి జీన్స్ ప్యాంటులో ఉంది! భోజనాలు కూడా మొదలవలేదు. "అదేంటమ్మా?" అంటే "బరువు మామయ్యా, కూర్చోలేకపోతున్నా" అంది.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. 1980లలో మా హైస్కూల్లో ఎనిమిదో తరగతి దాటిన ఆడపిల్లలందరికీ నీలం లంగా, తెల్ల ఓణీ. ఎవరికీ బరువు కాలేదు. మా చెల్లి కాలవ గట్టు మీద 5 కిలోమీటర్లు సైకిలు తొక్కుకుంటూ వెళ్ళేది, అదే ఓణీతో. ఇప్పుడది మూడు గంటల వేషం అయిపోయింది. టీవీలు చూసి, ఉత్తరాది పంజాబీ డ్రెస్సులు తగిలించుకుని మన బట్ట మనమే చంపుకున్నాం. దాంతోపాటు నేతగాళ్ళనీ చంపుకున్నాం. కాదంటారా?

ఒక్కముక్క | 9:20
కాదంటాం.

పిన్నీసు | 9:48
గోదారిగట్టు గారూ, నా పేరు సూసిన్రు గద. ఊకె పెట్టుకోలె. ఓణీ ఏసుకున్న నాలుగేండ్లు నా ఒంటి మీద నాలుగు పిన్నీసులు ఎప్పుడూ ఉండేటియి. భుజం మీద ఒకటి, నడుము కాడ రెండు, నాలుగోది యాడనన్న ఊడితే పనికొస్తదని.

సైకిల్ ముచ్చట జెప్తున్నరు గాబట్టి నాదీ ఇనుర్రి. మాది సూర్యాపేట దిక్కు. తొమ్మిదిల ఉన్నప్పుడు కిరాణం దుకానం ముంగట నా లంగ చెయిన్ల పడ్డది. సైకిలు ఆగింది, నేను ఆగలె. లేద్దామంటే లంగ రాదు, గుంజితే చినుగుతది. అరుగు మీద కూసున్న మొగోళ్ళు నవ్వుడే తప్ప ఒక్కడు లేస్తలేడు. ఆఖరికి పంచర్ల దుకానాయన కత్తెర తెచ్చి జానెడు గుడ్డ కోసిండు. ఆ గ్రీసు మరక మా అమ్మ కిరసనాయిలు పెట్టి రుద్దినా పోలె. తెల్లారి నుంచి నడుసుకుంట పోయిన.

లంగా ఓణీని చంపింది టీవీ కాదు సారూ. చెయిను.

గోదారిగట్టు | 10:05
మీకు జరిగినదానికి బాధగానే ఉంది. కానీ చెయిన్ కవరున్న లేడీస్ సైకిళ్ళు అప్పట్లోనే ఉన్నాయి కదండీ. మా చెల్లి ఒక్కసారి కూడా పడలేదు. జాగ్రత్త ఉంటే చాలు.

పిన్నీసు | 10:09
లేడీస్ సైకిలు మా బాపు కొనిస్తే గద! అది మా అన్న సైకిలు. నడుమ బారు ఉన్నది.

కత్తెర మేస్త్రి | 10:31
తెనాల్లో 31 ఏళ్ళుగా లేడీస్ టైలర్ని. ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు.

పాతకాలం లంగా ఎట్టా కుట్టేవాళ్ళమో తెలుసా? నాలుగు మీటర్ల గుడ్డ. అడుగున మూడు నాలుగు టక్కులు వేసేవాళ్ళం. పిల్ల పొడుగైన కొద్దీ వాళ్ళమ్మ ఏడాదికో టక్కు విప్పుకునేది. విప్పిన చోట గుడ్డ ముదురు రంగులో గీతలా కనపడేది, మిగతాదంతా ఎండకి వెలిసిపోయి ఉండేది కాబట్టి. ఆ గీతలు లెక్కబెడితే లంగా వయసు చెప్పొచ్చు. ఒక లంగా మూడేళ్ళు, తర్వాత చెల్లెలికి. ఓణీకి అసలు కుట్టుపనే లేదు, అంచు కుట్టి ఇచ్చేయడమే. మాకేం మిగిలేది? జాకెట్టు ఒక్కటే కూలి.

పంజాబీ డ్రెస్సు వచ్చాక టాపు, బాటమ్, మెడకి పైపింగు, చేతికి డిజైను. పిల్ల ఎదిగితే కొత్తది కుట్టాల్సిందే, టక్కు ఉండదు. నా మటుకు నేను, ఏ కాలేజీ పిల్లొచ్చినా "అమ్మా, చుడీదార్ కుట్టించుకో, నీకు బాగుంటది" అనే చెప్పా. నాలాంటోళ్ళు ఊరికి పదిమంది. హంతకుడు కావాలంటే నన్ను రాసుకోండి.

ఒక్కముక్క | 10:33
నేరం ఒప్పుకున్నాడు. కేసు క్లోజ్.

పుస్తకాల పురుగు | 10:58
కొంచెం వెనక్కి వెళ్ళి చూడాలి. జార్జ్ సిమెల్ అనే జర్మన్ సమాజశాస్త్రవేత్త 1904లోనే దీన్ని వివరించాడు. పై తరగతి వాళ్ళు ప్రత్యేకంగా కనపడటానికి ఒకటి తొడుక్కుంటారు, కింది వాళ్ళు దాన్ని అనుకరిస్తారు, అందరూ వేసుకోగానే పై వాళ్ళు దాన్ని వదిలేస్తారు. ఫ్యాషన్ అంటే ఆ పరుగే. మన ఊళ్ళల్లో మొదట పంజాబీ డ్రెస్సు వేసింది డాక్టరు గారి అమ్మాయో, హైదరాబాదు హాస్టల్లో చదివే అమ్మాయో అయ్యుంటుంది. అవునా కాదా?

ఇంకో మాట. "మన బట్ట" అంటున్నారు. జాకెట్టు అనే మాట ఏ భాషదండీ? మా నాయనమ్మ గోచీ పోసి చీర కట్టేది, లోపల పావడా ఎరగదు. ఇప్పుడు లోపల లంగా, పైన జాకెట్టు వేసుకుని చీర కట్టే పద్ధతికి పేరు తెచ్చినవాళ్ళలో జ్ఞానదానందినీ దేవి ఒకరు. ఠాగూర్‌కి వదిన, సత్యేంద్రనాథ్ గారి భార్య. 19వ శతాబ్దంలో ఆవిడ బొంబాయిలో పార్సీ స్త్రీల కట్టు చూసి, బెంగాలీ స్త్రీలు నలుగురిలోకి రావడానికి వీలుగా దాన్ని మార్చుకున్నారు. ఆ రోజుల్లో కలకత్తాలో కూడా మీలాంటి పెద్దమనుషులు "మన కట్టు చంపేశారు" అనే ఉంటారు.

గోదారిగట్టు | 11:14
కలకత్తా సంగతి మనకెందుకండీ. నేనడిగింది రాజోలు సంగతి. పార్సీ, బెంగాలీ, జర్మనీ అన్నీ వచ్చాయి. నేత గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. ఓణీలు పోతే ఓణీలు నేసేవాడు ఏం తింటాడు?

గుంటమగ్గం | 11:52
ఆ నేసేవాడి కొడుకుని నేను. మాది మంగళగిరి. మా తరఫున ఏడుస్తున్నారు కాబట్టి చెప్పాలి.

పంజాబీ డ్రెస్సు మమ్మల్ని చంపలేదు. బతికించింది. మా ఊరి నేత అంటే సాదా ఒళ్ళు, నిజాం అంచు అనే జరీ అంచు, ఒంట్లో బుటాలుండవు. చీరగా చూస్తే కొందరికి మరీ సాదాగా అనిపిస్తుంది. అదే గుడ్డ డ్రెస్ మెటీరియల్‌గా నేస్తే కాలేజీ పిల్లలు, ఆఫీసుకెళ్ళేవాళ్ళు ఎగబడి కొన్నారు. మా నాన్న మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని చీరలకంటే డ్రెస్సు గుడ్డలే ఎక్కువ నేశాడు. మా అక్క పెళ్ళి ఆ డబ్బుతోనే.

మమ్మల్ని చంపేది ఏమిటో చెప్పమంటారా? 1985లో చట్టం చేశారు, ఫలానా రకాలు చేనేతకే వదలాలని. మొదట 22 రకాలు, తర్వాత 11 చేశారు. ఆ 11 కూడా మరమగ్గం మీద నడుస్తూనే ఉన్నాయి. పోచంపల్లి ఇక్కత్‌కి భౌగోళిక గుర్తింపు ఉంది, అంటే ఆ పేరు ఆ ప్రాంతం నేతకే చెందాలి. అయినా ఆ డిజైను గుడ్డ మీద అచ్చు కొట్టి "పోచంపల్లి" అని బజార్లో పావు ధరకి అమ్ముతున్నారు. మీరు నిన్న ఫంక్షన్‌కి ఏం కట్టుకెళ్ళారో అంచు తిరగేసి చూసుకోండి. ఇక్కత్‌లో నూలుకే ముందు రంగు అద్దుతారు కాబట్టి రెండు పక్కలా ఒకేలా కనపడుతుంది. అచ్చు గుడ్డయితే వెనకవైపు వెలవెలబోతుంది.

ఇంకోటి. ఆ జాకెట్టు మీద పూసలు, జరీతో చేసే సూదిపనిని అందరూ "మగ్గం వర్క్" అంటారు. ఫ్రేముకి గుడ్డ బిగించి సూదితో చేస్తారు. మగ్గానికీ దానికీ సంబంధం లేదు. ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది.

కత్తెర మేస్త్రి | 11:58
మండినా మాకు అదే అన్నం పెడతంది తమ్ముడూ.

డల్లాస్ చిట్టి | మధ్యాహ్నం 12:40
ఇక్కడ అర్ధరాత్రి దాటింది, నిద్రపట్టక చదువుతున్నా. వచ్చే నెల మా అమ్మాయికి హాఫ్ శారీ ఫంక్షన్. దానికి 13 ఏళ్ళు. లంగా ఓణీ వేసుకోవడం దానికి ఇష్టమే, అద్దం ముందు గిరగిరా తిరుగుతోంది. లోపల కేన్‌కేన్, అదే లంగా ఉబ్బి నిలబడటానికి వేసే నెట్ గుడ్డ, ఉండాలని కూడా అదే అడిగింది. చిక్కల్లా ఇన్విటేషన్ దగ్గర వచ్చింది. వాళ్ళ క్లాసు పిల్లలకి ఏమని చెప్పాలమ్మా అంది. "నువ్వు పెద్దదానివి అవుతున్నావని పార్టీ" అన్నా. ఒక్క నిమిషం ఆలోచించి, "వెయిట్, అంటే అందరికీ తెలిసిపోతుందా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. మేస్త్రి గారూ, కొలతలు పంపిస్తే జాకెట్టు మూడు వారాల్లో అవుతుందా?

పిన్నీసు | 1:15
చిట్టీ, నీ బిడ్డ అడిగిందే అసలు ముచ్చట. పొద్దటి సంది సైకిలు సైకిలు అని నేనే దారి తప్పిన.

గౌను ఏసుకున్నన్ని దినాలు ఎవ్వడు సూడడు. ఒక దినం పెద్దమనిషి అయితది. తెల్లారి నుంచి ఓణీ. ఇగ ఊరంత తెలుస్తది, ఏ ఇంట్ల పిల్ల ఎప్పుడు ఎదిగిందో. మంగళసూత్రం పడితే చీర. మేం తొడిగిన బట్ట మాది కాదు సారూ, అది మా మెడల ఏసిన బోర్డు. పంజాబీ డ్రెస్సు ఏసుకున్న పిల్లను సూసి చెప్పుర్రి, పదమూడా ఇరవయ్యా, పెండ్లయిందా కాలేదా? చెప్పలేరు. చున్నీ బడికి పోయే పిల్లా ఏసుకుంటది, ఇద్దరు పిల్లల తల్లీ ఏసుకుంటది. అందుకే అది గెలిచింది. సుఖం రెండో లెక్క.

గోదారిగట్టు | 1:32
ప్రతిదానికీ ఇలా అర్థాలు తీస్తే ఎలాగండీ. మా ఇళ్ళల్లో ఓణీ అంటే వేడుక. మేనమామ బట్టలు తెచ్చేవాడు, అరిసెలు వండేవారు. దాన్ని పట్టుకుని బోర్డు అంటారేంటి? మీకు చెయిన్‌లో పడిందని మొత్తం సంప్రదాయం మీద కోపం పెంచుకున్నారు. మా చెల్లి కూడా ఆడపిల్లే. ఓణీ వేసింది, సైకిలు తొక్కింది, చదువుకుంది.

పిన్నీసు | 1:34
ఎంతవరకు?

గోదారిగట్టు | 1:36
ఏమిటి ఎంతవరకు? 5 కిలోమీటర్లని చెప్పాను కదా.

పిన్నీసు | 1:37
సైకిలు కాదు సారూ. సదువు.

ఒక్కముక్క | 1:51
...

పుస్తకాల పురుగు | 2:10
నాకు తెలిసి సిమెల్ ఇక్కడ కూడా

పిన్నీసు | 2:11
అన్నా, కొంచెం ఆగు.

గోదారిగట్టు | 2:45
తొమ్మిది. దానికీ బట్టకీ సంబంధం లేదు. ఇంట్లో పరిస్థితులు వేరు. నేను అప్పటికి అమలాపురంలో ఇంటర్ చదువుతున్నాను. వ్యక్తిగత విషయాలు లాగడం మర్యాద కాదు.

పిన్నీసు | 2:58
చెల్లెను తెచ్చింది నేను కాదు, మీరు. మూడుసార్లు తెచ్చిన్రు. ఎనిమిది దాటంగనె ఓణీ ఏసిన్రు, తొమ్మిదిల బడి బందు వెట్టిన్రు, దానికీ దీనికీ సంబంధం లేదంటున్నరు. నాతోని ఓణీ ఏసుకున్నోళ్ళు మా తరగతిల 11 మంది. పది పరీక్ష రాసింది ముగ్గురం. ఓణీ బడి మాన్పియ్యలె, నాకూ ఎరుకే. కానీ ఓణీ ఏసినంక ఇంట్ల ప్రతి పెద్దమనిషి కండ్లకు బడి దూరమైంది. అవే 5 కిలోమీటర్లు, నిన్నటిదాక దగ్గరే ఉండె!

నాకు లంగా ఓణీ మీద కోపం లేదు. నా బిడ్డ పోయిన దసరాకు ఏసుకుంటే నేనే ఫొటో తీసిన. ఏసుకున్నది, బతుకమ్మ ఆడింది, ఇడిసింది. మీ బావమరిది బిడ్డ లెక్కనే. అట్ల ఇడిసెటందుకు మాకు వీలు లేకుండె.

మోడరేటర్ | 3:05
కుటుంబ విషయాల్లోకి వెళ్ళొద్దని ఇద్దరికీ మనవి. బట్టల గురించి మాట్లాడుకుందాం.

గుంటమగ్గం | 3:20
బట్టల గురించే మాట్లాడుతున్నారు మోడరేటర్ గారూ.

అయితే పిన్నీసు గారూ, ఒక అనుమానం. బోర్డు పోయిందంటున్నారు. మా వీధిలో మొన్న ఒక ఫంక్షన్‌కి పది అడుగుల ఫ్లెక్సీ కట్టారు. పిల్ల ఫొటో, కింద మేనమామల ఫొటోలు, ఇంకా కింద వార్డు నాయకుడి ఫొటో. ఓణీ ఊరికి మాత్రమే చెప్పేది. ఇది బస్సుల్లో పోయేవాళ్ళక్కూడా చెబుతోంది.

పిన్నీసు | 3:31
అది నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు.

కత్తెర మేస్త్రి | సాయంత్రం 5:02
చిట్టి గారూ, మూడు వారాలంటే కష్టం, సీజను. కొలతలు పంపొద్దు, సరిపోయే జాకెట్టు ఒకటి ఎవరితోనన్నా పంపండి, ఆది జాకెట్టు ఉంటే చాలు. లోపల రెండు అంగుళాలు గుడ్డ వదిలి కుడతా. ఇప్పుడెవరూ అడగట్లేదు గానీ, ఎదిగే పిల్లకి వదలాలి.

గోదారిగట్టు | రాత్రి 9:40
చెల్లికి ఫోన్ చేశాను. సైకిలు సంగతే అడిగాను, ఎప్పుడైనా చెయిన్‌లో పడిందా అని. నవ్వింది. "పడకేం అన్నయ్యా, మొదటి వారమే పడింది. ఆ తర్వాత ఊరి చివర చింతచెట్టు దాటగానే లంగా మోకాళ్ళ దాకా ఎగదోపి నడుంలో చుట్టేదాన్ని, ఓణీ తీసి పుస్తకాల సంచిలో పెట్టేదాన్ని, పైన మీ పాత చొక్కా ఒకటి తొడుక్కునేదాన్ని. బడి దగ్గర వంతెన మీద మళ్ళీ అన్నీ సర్దుకునేదాన్ని" అంది. ఆ చొక్కా పోయిందని నేను ఇల్లంతా వెతకడం నాకు గుర్తుంది.

నా మొదటి పోస్టులో "ఎవరికీ బరువు కాలేదు" అన్న మాట వరకు వెనక్కి తీసుకుంటున్నాను. మిగతాది కాదు.

పిన్నీసు | 9:52
మిగతాది అడిగిన్రా?

గోదారిగట్టు | 10:17
లేదండి. వాళ్ళ మనవరాలు ఏడుస్తోందని పెట్టేసింది.

డల్లాస్ చిట్టి | 10:30
మేస్త్రి గారూ, జాకెట్టు మా అత్తయ్య బుధవారం తెనాలి తెచ్చి ఇస్తారు. అమ్మాయి ఫ్రెండ్స్‌ని పిలవడం లేదట. ఫంక్షన్‌కి మాత్రం రెడీ. కేన్‌కేన్ కావాల్సిందేనట.