రిపోర్టులో "మళ్లీ సీటీ స్కాన్ తీయించండి" అని ఉంటే గుర్తుచేయాల్సింది ఎవరు?

గోదారిగట్టు:
2021 మేలో నాన్నకు కోవిడ్ వస్తే ఛాతీ సీటీ తీయించాం. రిపోర్టు చివరి లైన్లో "7 మి.మీ. నాడ్యూల్, 6-12 నెలల్లో మళ్లీ సీటీ" అని ఉంది. నాడ్యూల్ అంటే ఊపిరితిత్తిలో చిన్న గడ్డ. ఆక్సిజన్ బెడ్ కోసం తిరుగుతున్న రోజులు, అందరం కోవిడ్ తీవ్రత 25కి స్కోరెంత అనే చూశాం. 2023లో దగ్గని వెళ్తే 3 సెం.మీ. గడ్డ. గ్యాస్ బండకు మెసేజ్ వస్తుంది, కరెంటు బిల్లుకు వస్తుంది. దీనికెందుకు రాదు? తేదీ, ఫోన్ నంబరు సెంటర్ కంప్యూటర్లోనే ఉన్నాయిగా.

నైట్‌డ్యూటీ (రేడియాలజిస్టుని):
ఎవరి నంబరండీ? కౌంటర్లో చాలాసార్లు రాయించేది ఆటో అతనిదో, ఆర్‌ఎంపీదో. పైగా మన దగ్గర పాత టీబీ మచ్చలు బోలెడు. 6 మి.మీ. లోపు సాలిడ్ నాడ్యూల్‌కు, రిస్కు తక్కువైతే, ఫాలోఅప్ అక్కర్లేదని ఫ్లైష్నర్ సొసైటీ (ఛాతీ స్కాన్ల నిపుణుల సంఘం) 2017లోనే చెప్పింది. అందరికీ మెసేజ్ కొడితే టెన్షన్ తప్ప ఏముంది?

గోదారిగట్టు:
నాన్నది 7. నంబరు నాది. ఫుల్ బాడీ చెకప్ ఆఫర్ ఉగాదికీ దసరాకీ ఆ నంబరుకే ఇప్పటికీ వస్తోంది!

పిట్స్‌బర్గ్_బావ:
మా పెన్సిల్వేనియాలో 2018లో చట్టమే చేశారు. స్కాన్లో ముఖ్యమైన తేడా కనిపిస్తే 20 రోజుల్లో సెంటరే పేషెంటుకు తెలియజేయాలి.

ఉల్లిదోశ:
రిపోర్టును 14 అంకెల ఆభా నంబరుకు (ప్రభుత్వ హెల్త్ ఐడీ) లింక్ చేస్తే సరి.

గోదారిగట్టు:
రిపోర్టు అందులో ఉంటుంది సరే. గడువొచ్చిందని చెప్పేదెవరు?

నైట్‌డ్యూటీ:
కవరు మీ ఇంట్లోనే ఉందిగా. రెండేళ్లు తెరవలేదా?

గోదారిగట్టు:
తెరిచాను సార్. పట్టుకెళ్లి డాక్టరుకు చూపించాను కూడా. "కోవిడ్ మచ్చలే, పోతాయి" అన్నారు. మీరే ఒక్క ఫోన్ చేసి ఉంటే?

నైట్‌డ్యూటీ:
చేస్తే ఆ డాక్టరు రేపట్నుంచి పేషెంట్లను పక్క సెంటర్‌కు పంపిస్తారు. మా యజమాని మొదటి రోజే చెప్పిన మాట అది: పేషెంటుతో నేరుగా మాట్లాడొద్దు, రాసి పంపెయ్.

గోదారిగట్టు:
మరి ఇందాకట్నుంచి ఆటో అతని నంబరంటారేంటి?

నైట్‌డ్యూటీ:
అదీ నిజమే. ఇదీ నిజమే.

ఉల్లిదోశ:
మా అమ్మ 2021 రిపోర్టు ఇప్పుడే బీరువాలోంచి తీశా. "చిన్న నాడ్యూల్, క్లినికల్లీ కోరిలేట్" (అంటే లక్షణాలతో పోల్చి చూసుకోండని) అంతే. సైజు లేదు, ఎన్ని నెలలకో లేదు. దీనికి ఏ సాఫ్ట్‌వేర్ ఏ తేదీన గుర్తుచేస్తుంది?

నైట్‌డ్యూటీ:
ఏదీ చేయదు. అలా రాయడం మా తప్పే. ఆ సీడీ ఉందా? పేరు చెరిపేసి బొమ్మలు నాకు మెసేజ్‌లో పెట్టండి.