వాల్వ్ సీడీ ప్లేయర్‌లో సాయంత్రం పూట మాత్రమే హోరు: వాల్వులు మార్చాలా, మరేదైనా చూడాలా?

ఎనుమాముల శ్రోత (వరంగల్)

అందరికీ నమస్కారం. పోయిన దసరాకు నేనొక పాత సీడీ ప్లేయర్ కొన్నాను. నాకంటే ముందున్న యజమాని దాని చివరి దశలోని ఐసీలను (చిప్పులను) తీసివేయించి, వాటి స్థానంలో రెండు జంట ట్రయోడ్ వాల్వులు (పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాల్లాంటివి) పెట్టించారు. గొంతులు, వయొలిన్ వినేటప్పుడు ఇంతవరకు నా ఇంట్లో ఏ యంత్రమూ ఇవ్వని తృప్తిని ఇది ఇచ్చింది కనుక దీన్ని వదులుకునే ఉద్దేశం లేదు. అయితే మూడు ఇబ్బందులు ఉన్నాయి.

మొదటిది, ఎండాకాలం మొదలైనప్పటి నుంచి సాయంత్రం ఆరున్నర దాటగానే రెండు స్పీకర్లలోనూ సన్నని హోరు మొదలై, రాత్రి పదకొండు తర్వాత దానంతట అదే పోతోంది. పగలు అసలే ఉండదు. రెండవది, మంద్ర ధ్వని పలుచగా ఉంది. ఒగ్గు డోలు విన్నప్పుడు కర్ర దెబ్బ వినబడుతుంది గానీ దాని వెనుక రావలసిన గుమ్మనే మోత రాదు. మూడవది, కొన్ని డిస్కులు మధ్యలో ఎగిరిపోతున్నాయి.

వాల్వుల గాజు మీద రష్యన్ అక్షరాలున్నాయి. వాటిని తీసేసి పాత యూరప్ వాల్వులు వేస్తే అన్నీ సర్దుకుంటాయని మిత్రులు అంటున్నారు. వాటి ధర నేను ప్లేయర్‌కు పెట్టిన డబ్బులో మూడో వంతు. అంత ఖర్చు పెట్టే ముందు అనుభవజ్ఞుల మాట వినాలని రాస్తున్నాను. నాకు సోల్డరింగ్ వచ్చు, మల్టీమీటర్ ఉంది, వాల్వులతో మాత్రం పరిచయం లేదు.

పాత రేడియో (కరీంనగర్)

ఎనుమాముల శ్రోత గారూ, వాల్వులు పాడైతే హోరు గడియారం చూసుకుని రాదు. సాయంత్రం వచ్చి రాత్రికి పోతోందంటే, వీధిలో కూలర్లు, ఏసీలు అన్నీ ఒకేసారి నడిచే వేళ మీ ఇంటి కరెంటు వోల్టేజీ పడిపోతోందని, ఆ పడిపోవడాన్ని ప్లేయర్ లోపలి సరఫరా తట్టుకోలేకపోతోందని నేను అనుకుంటున్నాను. రేపు సాయంత్రం హోరు వచ్చినప్పుడు ప్లగ్గు దగ్గర వోల్టేజీ కొలిచి రాయండి. అలాగే ఫోన్‌లో శబ్దపు పౌనఃపున్యాన్ని చూపే యాప్ ఒకటి వేసుకుని స్పీకర్ దగ్గర పెట్టండి. 50 హెర్ట్జ్ దగ్గర గీత లేస్తే ఎర్తింగ్‌నో, కేబుళ్లనో అనుమానించాలి. 100 దగ్గర లేస్తే ఏసీ కరెంటును డీసీగా మార్చే రెక్టిఫయర్ తర్వాత మిగిలిపోయిన అలలు వాల్వుల్లోకి చేరుతున్నట్టు.

అసలు సంగతి ఆ రష్యన్ అక్షరాల్లో ఉందని నా అనుమానం. ఇలాంటి ప్లేయర్లలో సాధారణంగా ఈసీసీ88 జాతి వాల్వులు ఉంటాయి. దానికి సమానమైన రష్యన్ వాల్వు 6ఎన్23పీ. చాలామంది మాత్రం చవకగా దొరుకుతుందని 6ఎన్1పీ తెచ్చి పెడతారు. పిన్నులు సరిపోతాయి, పాట కూడా వస్తుంది, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ ఈసీసీ88 హీటర్‌కు (వాల్వును లోపల వేడి చేసే తీగకు) 365 మిల్లీఆంపియర్లు, 6ఎన్23పీకి సుమారు 310 చాలు. 6ఎన్1పీ 600 లాగుతుంది. రెండు వాల్వులకు కలిపి సుమారు 0.7 ఆంపియర్లు ఉండవలసిన భారం 1.2కు చేరుతుంది. ఫిల్టర్ కండెన్సర్ 4700 మైక్రోఫారడ్లదైతే, దాని మీద అల ఒకటిన్నర వోల్టుల నుంచి రెండున్నర వోల్టులకు పెరుగుతుంది. దాని తర్వాత ఉండే, వోల్టేజీని నిలకడగా ఉంచే 6.3 వోల్టుల రెగ్యులేటర్‌కు, ఇచ్చే వోల్టేజీ కంటే సుమారు రెండు వోల్టులు ఎక్కువ ఎప్పుడూ అందుతూ ఉండాలి. పగలు ఎలాగో అందుతుంది. సాయంత్రం వోల్టేజీ తగ్గగానే అల అడుగుభాగం ఆ హద్దు కిందికి దిగిపోతుంది, సెకనుకు వంద సార్లు రెగ్యులేటర్ చేతులెత్తేస్తుంది. మీరు వింటున్న హోరు అదే కావచ్చు.

మంద్ర ధ్వని సంగతికి వస్తే, వాల్వుల తర్వాత ఉన్న అవుట్‌పుట్ కెపాసిటర్ (కండెన్సర్) విలువ ఎంతో, మీ యాంప్లిఫయర్ ఇన్‌పుట్ నిరోధం ఎంతో చెప్పండి. ఆ రెండూ తెలియకుండా ఏమి చెప్పినా అది జాతకం చెప్పడమే అవుతుంది.

ఒక హెచ్చరిక. మూత తీసే ముందు ప్లగ్గు పీకడం మాత్రమే చాలదు. వాల్వుల సరఫరా కండెన్సర్లలో వంద వోల్టులకు పైగా నిలిచి ఉంటుంది. పది నిమిషాలు ఆగి, మీటర్‌తో కొలిచి, ఇంకా మిగిలి ఉంటే 10 కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్ ద్వారా ఖాళీ చేసి, మళ్లీ కొలిచిన తర్వాతే చెయ్యి పెట్టండి. సరఫరా ఉండగా కొలవవలసి వస్తే ఒక చెయ్యి వెనక్కి కట్టుకోండి. నాకు ఈ అలవాటు ఒక పాత రేడియో కొట్టిన దెబ్బతో వచ్చింది.

సిగ్నల్ పక్కిల్లు (కాజీపేట)

పాత రేడియో గారి విశ్లేషణతో ఏకీభవిస్తూ ఒక్క విషయం చేరుస్తాను. వాల్వు మారితే ధ్వని మారుతుంది. డిస్కు మీద ఉన్న 16 బిట్ల, సెకనుకు 44,100 నమూనాల సమాచారాన్ని ఏ వాల్వూ మార్చలేదన్నది నిజమే. కానీ దాని తర్వాతి దశలో వాల్వు ఎంత కరెంటును అదుపు చేయగలదన్నది వినబడుతుంది. ఆ అదుపును కొలిచే ట్రాన్స్‌కండక్టెన్స్ 6ఎన్1పీలో ఈసీసీ88తో పోలిస్తే మూడో వంతు మాత్రమే. యూరప్ పేరు కోసం డబ్బు తగలేయవద్దంటాను గానీ, సరైన జాతి వాల్వు తప్పకుండా వేయాలి.

డిస్కులు ఎగరడం గురించి: మీ పేరును బట్టి మీ ఇల్లు ఎనుమాముల పత్తి మార్కెట్ దగ్గరే అనుకుంటాను, పత్తి రోజుల్లో గాలిలో తేలే నూగు ఎక్కడికి పోతుంది? ముందు గాలి బల్బుతో లెన్సు మీద ఊదండి. పోకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పిండిన దూది పుల్లతో ఒత్తకుండా తుడవండి. ఆ లెన్సు వెంట్రుకవాసి స్ప్రింగుల మీద నిలబడి ఉంటుంది. లేజర్ కరెంటు పెంచే చిన్న స్క్రూను మాత్రం ముట్టుకోకండి. నాలుగు రోజులు బాగా చదివి ఐదో రోజు శాశ్వతంగా మూగబోతుంది.

ఎనుమాముల శ్రోత (వరంగల్)

ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు వారాల తర్వాత రాస్తున్నాను, ఎందుకంటే సామాను కోసం హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ దాకా వెళ్లవలసి వచ్చింది.

ప్లగ్గు దగ్గర పగలు 232 వోల్టులు, సాయంత్రం ఏడింటికి 203. ఫోన్‌లో గీత 100 దగ్గరే లేచింది. మా అబ్బాయి ఇంటర్నెట్‌లో రష్యన్ అక్షరాలు చూసి చదివాడు: 6ఎన్1పీ. హీటర్ రెగ్యులేటర్ మీద వేలు పెట్టలేనంత వేడి ఉంది. 6ఎన్23పీ జత తెప్పించి పెట్టాను, దాని ధర మిత్రులు చెప్పిన వాల్వుల్లో పదో వంతు కూడా కాలేదు. హీటర్ వోల్టేజీని మీటర్‌లో ఏసీ వైపు (మిగిలిన అల ఎంతో చూపే వైపు) కొలిస్తే సాయంత్రం 90 మిల్లీవోల్టులు ఉండేది, ఇప్పుడు 2 దాటడం లేదు. హోరు లేదు.

అవుట్‌పుట్ కెపాసిటర్లు నూనె రకంవి, చాలా ఖరీదైనవట, విలువ 0.22 మైక్రోఫారడ్. నా యాంప్లిఫయర్ ఇన్‌పుట్ 10 కిలో ఓమ్‌లు. లెన్సు తుడిచాక డిస్కులు ఎగరడం లేదు. దూది పుల్లకు అంటిన నూగు చూస్తే ఇన్నాళ్లు అది పాడగలగడమే ఆశ్చర్యం.

పాత రేడియో (కరీంనగర్)

లెక్క మీరే చూడండి. 0.22 మైక్రోఫారడ్, 10 కిలో ఓమ్‌లు కలిస్తే 72 హెర్ట్జ్ దగ్గరే ధ్వని మూడు డెసిబెల్స్ పడిపోతుంది, ఆ కిందికి ఇంకా తరిగిపోతుంది. డోలు మోత అక్కడే పోయింది. పాత యజమాని యాంప్లిఫయర్ ఇన్‌పుట్ 100 కిలో ఓమ్‌లు అయి ఉంటే ఆయనకు ఈ లోపం తెలిసే అవకాశమే లేదు, కాబట్టి ఆయనను తప్పుపట్టలేము. 2.2 మైక్రోఫారడ్ల, 400 వోల్టుల పాలీప్రొపిలీన్ కెపాసిటర్లు వేస్తే ఆ హద్దు 7 హెర్ట్జ్‌కు దిగుతుంది. అవి పరిమాణంలో పెద్దవి, బోర్డు మీద ఊగకుండా కట్టండి.

వాల్వులు మార్చారు కనుక మరొక కొలత మిగిలింది. యానోడ్ (వాల్వులో ఎలక్ట్రాన్లను అందుకునే పలక) వోల్టేజీ ఎంత? కాథోడ్ (వాటిని విడుదల చేసే భాగం) రెసిస్టర్ మీద ఎంత?

ఎనుమాముల శ్రోత (వరంగల్)

యానోడ్ దగ్గర 112. కాథోడ్ రెసిస్టర్ 330 ఓమ్‌లు, దాని మీద ఎడమ వైపు 2.5 వోల్టులు, కుడి వైపు 2.4.

పాత రేడియో (కరీంనగర్)

అంటే ఒక్కో ట్రయోడ్‌లో సుమారు ఏడున్నర మిల్లీఆంపియర్లు. ఈసీసీ88 యానోడ్ హద్దు 130 వోల్టులు, మీరు దాని లోపలే ఉన్నారు. ఏమీ ముట్టుకోకుండా మూత బిగించండి. జూన్ దాకా మాత్రం ప్లేయర్ మీద యాంప్లిఫయర్‌ను పెట్టకండి, పైన జానెడు ఖాళీ వదలండి.

ఎనుమాముల శ్రోత (వరంగల్)

కొత్త కెపాసిటర్లు నిన్న వేశాను. పక్కింటి వారు గోడ తట్టి, ఎవరింట్లో బోనాలని అడిగారు.