సముద్రపు నాచు ప్యాకెట్లు ఇచ్చినారు, వండేదెట్లా? థైరాయిడ్ ఉన్నోళ్ళు తినొచ్చా?

తిరుపతి_కోడలు:
అక్కలూ అన్నలూ ఒక డౌటు. మా ఆయన శ్రీసిటీలో ఒక జపాన్ కంపెనీలో చేస్తాడు, వాళ్ళ పెద్దసారు ఊరికి పోయొచ్చి తలా ఒక సంచి పంచినాడంట, దాంట్లో సముద్రపు నాచు మూడు రకాలు ఉండాది. నోరి అని నల్లగా పల్చటి షీట్లు, కొంబు అని మందంగా బిరుసుగా ఉండే అట్టలు, వకామె అని చిన్న చిన్న తునకలు. కొంబు మీద తెల్లగా పిండి పట్టినట్టుంటే బూజేమో అని పారేయబోతా ఉండా. మేం నీసు తినం, సముద్రంలోది అంటే చేపే కదా అని మా అత్త మొదట వంటింట్లోకే రానీలేదు. మళ్ళీ ఆమే నిన్న వాట్సాప్‌లో ఏదో చూసి, నాచు తింటే థైరాయిడ్ పోతాదంట, నాకు రోజూ రసంలో వేసియ్యి అంటాండాది. ఆమెకు థైరాయిడ్ తక్కువ, చాన్నాళ్ళుగా పరగడుపున మాత్ర వేసుకుంటాది. వెయ్యొచ్చా? అసలు మన వంటల్లో దేంట్లోకి పోతాది ఇది?

రేణిగుంట_డైటీషియన్:
ముందు మీ అత్తగారి సంగతి. రోజూ రసంలో వెయ్యొద్దండి, అందులో కొంబు అసలే వద్దు. పెద్దవాళ్ళకి రోజుకి కావాల్సిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు. మన ప్యాకెట్ ఉప్పులో కిలోకి కనీసం 15 మిల్లీగ్రాములు ఉండాలని రూలు, అంటే రోజు మొత్తం మీద 10 గ్రాముల ఉప్పు లోపలికి పోతే ఆ 150 అక్కడే వచ్చేస్తుంది (అంత ఉప్పు తినమని కాదు, తింటున్నాం అని చెప్తున్నా). కొంబులో ఒక్క గ్రాముకే 2000 మైక్రోగ్రాములు దాటొచ్చు. అమెరికా వాళ్ళు పెద్దవాళ్ళకి పెట్టిన హద్దే రోజుకి 1100. ఉడికిస్తే పోదా అని అడుగుతారు, ఎక్కడికి పోతుంది, నీళ్ళలోకి దిగుతుంది, ఆ నీళ్ళే కదా మీరు రసం చేసేది.

అయోడిన్ చాలక వచ్చే థైరాయిడ్ ఒకటుంది, కొండ ప్రాంతాల్లో గొంతు దగ్గర వాచేది చూడండి, అది. ఇప్పుడు మన ఇళ్ళల్లో ఎక్కువగా చూసేది హాషిమోటో, ఒంట్లో రక్షణ వ్యవస్థే థైరాయిడ్ గ్రంథి మీద పడుతుంది, దానికి అయోడిన్ పోస్తే తగ్గకపోగా ముదరొచ్చు. ఫార్వర్డ్ మెసేజీలు ఈ రెంటినీ కలిపేసి చెప్తాయి. మాత్ర మాత్రం ఆపనీయొద్దు.

నోరి వేరే, గ్రాముకి అయోడిన్ 16 నుంచి 40 మైక్రోగ్రాముల దాకా ఉంటుంది, షీటు బరువు 3 గ్రాములే. మీరిద్దరూ అప్పుడప్పుడు తింటే ఏం కాదు, అత్తగారికి డాక్టర్ని అడిగి పెట్టండి. రక్తం పల్చబడ్డానికి వార్ఫరిన్ వాడేవాళ్ళు కూడా అడగాలి, నాచులో విటమిన్ కె ఉంటుంది. ఇక లాభాలంటారా, పీచు ఉంది, ఖనిజాలు ఉన్నాయి, క్యాలరీలు తక్కువ. ఎండు నోరిలో మూడో వంతు ప్రోటీనే అని గొప్పగా చెప్తారు, నిజమే, కానీ మూడు గ్రాముల షీటులో మూడో వంతు ఎంతండీ? బి12 కోసం కూడా దీన్ని నమ్ముకోవద్దు, తక్కువుంటే మాత్రే.

కొర్లగుంట_వంటగది:
శాకాహారమే అక్కా, భయం లేదు. కాకపోతే ప్యాకెట్ వెనక చదువు, మసాలా పట్టించిన నోరిలో కొన్నిట్లో రొయ్యలో చేపో కలుస్తాది. కొంబు మీద తెల్లపొడి బూజు కాదు, మానిటాల్ అని దాంట్లోంచే ఊరి ఆరేది, కడగొద్దు, తడిగుడ్డతో ఊరికే తుడు. 1908లో ఇకెడా కికునాయె అనే జపాన్ ప్రొఫెసర్ ఈ కొంబు నీళ్ళలోంచే గ్లుటమేట్ తీసి ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టినాడు, బండిమీద నూడుల్స్‌లో చల్లే టేస్టింగ్ సాల్ట్ పుట్టింది ఆడ్నించే.

నోరితో పొడి కొట్టు. షీటుని పెనం మీద అట్లా చూపిస్తే చాలు, పచ్చగా మారి కరకరలాడతాది. వేయించిన నువ్వులు, ఎండుమిరక్కాయలు, ఉప్పు, తినేవాళ్ళయితే తెల్లగడ్డ వేసి దంచి, కడాన నోరిని చేత్తో నలిపి కలుపు, మిక్సీలో వేస్తే మెత్తని బూడిదే మిగిలేది. వేడన్నం, నెయ్యి, ఈ పొడి. ఉప్పు చూసుకోని వెయ్యి, నోరిలోనే కొంచెం ఉంటాది. వకామె చల్లనీళ్ళలో ఐదు నిమిషాలు నానేసి, నీళ్ళు పిండేసి, దోసకాయ ముక్కల్లో నిమ్మరసంతో కలుపుకో, ఒక చెంచాకి మించి నానెయ్యొద్దు, గిన్నె నిండిపోతాది. జిగటగా ఉంటాది, మా పిల్లోళ్ళు ముట్టలా. రసంలోకి, పప్పుచారులోకి మాత్రం నా ఓటు లేదు, చింతపండు ఇంగువ ముందర ఇది యాడ తెలుస్తాది.

గిరింపేట_బిర్యానీ:
మీరంతా జపాన్ దాకా పోయినారు గానీ పాలని జెల్లీలా గడ్డకట్టించే చైనా గ్రాస్ కూడా సముద్రపు నాచులోంచి తీసేదే కదా. మా చిత్తూరులో రంజాన్ నెలంతా ఇఫ్తార్‌కి ఇదే, వేలూరు ఆంబూరు చుట్టాలు కడల్ పాసి అంటారు. రామనాథపురం పక్క ఆడోళ్ళు సముద్రంలో మునిగి ఈ నాచు ఏరేది, చానా కష్టం ఆ పని. జెలటిన్ జంతువుల ఎముకలు తోళ్ళనించి వస్తాది, ఇది అట్లా కాదు, మీ అత్తమ్మ కూడా తినొచ్చు. 10 గ్రాములు నానబెట్టి, నీళ్ళలో పూర్తిగా కరిగేదాకా కాంచి, ముక్కాలు లీటరు వేడి పాలు చక్కెర కలిపి పళ్ళెంలో పోసేదే. పాలు చల్లగా ఉంటే ఉండలు కడతాది. ఫ్రిజ్ కూడా అక్కర్లా, బయటే గడ్డకడతాది.

బంగారుపాళ్యం_తోట:
ఏందబ్బా, మేం మామిడి చెట్లకి కొట్టే సాగరిక కూడా నాచు రసమే, అది మనుషులు తింటారా! తూపిలిపాళెం బీచ్‌కి పోయినప్పుడు ఒడ్డుకి కొట్టుకొచ్చింది కనిపిస్తే ఏరుకోనొచ్చి వండుకోవచ్చునా మేడం?

రేణిగుంట_డైటీషియన్:
వద్దన్నా. నాచు నీళ్ళలో ఏముంటే అది పీల్చుకుంటుంది, మురుగు కలిసే చోటయితే సీసం, కాడ్మియం లాంటివి కూడా. శుభ్రమైన సముద్రంలోదైనా హిజికి అనే నల్లటి రకంలో ఆర్సెనిక్ ఎక్కువని బ్రిటన్ వాళ్ళు 2004లోనే తినొద్దన్నారు. తినడానికని ప్యాక్ చేసింది, పేరు రాసుంది మాత్రమే కొనుక్కోండి.

తిరుపతి_కోడలు:
అందరికీ థ్యాంక్స్. కొంబు పక్కన పెట్టేసినా, అత్తకి ఈ రిప్లైలన్నీ చదివి వినిపించినా, డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు నేనే అడుగుతాలే అనింది. నోరి పొడి రేపు. చైనా గ్రాస్‌లో పాలకి బదులు మామిడిపండు గుజ్జు వేస్తే గడ్డకడతాదా అన్నా?

గిరింపేట_బిర్యానీ:
కడతాది సిస్టర్. గుజ్జుని మాత్రం కాంచొద్దు, చైనా గ్రాస్ కరిగి పొయ్యి దించినాక కలుపు, గుజ్జు ఫ్రిజ్‌లోది కాకుండా చూసుకో. పులుపు పండయితే చైనా గ్రాస్ రవంత జాస్తి వెయ్యి, లేదంటే మెత్తగా జారిపోతాది.