మీరు సొంతం చేసుకోవాలనుకునే తుపాకీ ఏది?

ప్రశ్న (కావలి): ఉదయగిరి దగ్గర మా తాత చేలో అడవిపందులు పడకుండా డబుల్ బ్యారెల్ ఉంచుకునేవాడు. నా మనసు మాత్రం ఇంగ్లండు కంపెనీ వెస్ట్‌లీ రిచర్డ్స్ చేసే డ్రాప్‌లాక్ తుపాకీ మీదే. 1897 నాటి పేటెంట్. అడుగు రేకు తెరిస్తే రెండు లాకులూ (గుండు పేల్చే యంత్రాంగాలు) స్క్రూడ్రైవర్ లేకుండా చేత్తోనే ఊడి వస్తాయి. ఏం పనితనమండీ అది! మరి మీ కల?

జవాబు (ఒంగోలు): నాకైతే ఇషాపూర్ పాయింట్ 315 రైఫిల్ అన్నా. పాత బ్రిటిష్ సైన్యపు లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తరహా బోల్టు, అంటే చేత్తో వెనక్కీ ముందుకీ లాగి తూటా ఎక్కించే కడ్డీ.

జవాబు (కందుకూరు): లైసెన్సు సంగతి కూడా చూసుకో తమ్ముడూ. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత మనిషికి రెండే తుపాకులు, అంతకుముందు మూడు. వారసత్వంగా వచ్చినా అదే లెక్క. తాతగారిది నీ పేరు మీదికి మారిందా?

ప్రశ్న అడిగినవారు: మారిందన్నా. దాన్ని ఎప్పటికీ వదలను. ఇంకొక్కదానికే చోటుంది, అది డ్రాప్‌లాక్‌కే.