సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేశాక ఆపే దారులేంటి?

ప్రశ్న: తేదీ పెట్టి, కట్టేసి మనిషిని చంపడం ఏ నేరానికైనా తప్పేనని నా నమ్మకం. ఉరి పడ్డాక ఏం చేయొచ్చండీ?

జవాబు 1: హైకోర్టు ధ్రువీకరించందే ఉరి అమలు కాదండీ. తర్వాత సుప్రీంకోర్టులో అప్పీలు, రివ్యూ (తీర్పును మళ్లీ చూడమనే అర్జీ). 2014 నుంచి రివ్యూను ముగ్గురు జడ్జీలు బహిరంగంగా వినాలి. ఆపై గవర్నరుకు 161, రాష్ట్రపతికి 72వ అధికరణం కింద క్షమాభిక్ష అర్జీ. అది తిరస్కరించినా, ఆ కబురు ఖైదీకి అందాక ఉరికి 14 రోజుల గడువుండాలి.

జవాబు 2: దెబ్బ తగిలేది మాత్రం కింది కోర్టులోనే. దోషి అని తేల్చిన రోజే శిక్ష మీద వాదనలూ ముగించేస్తే, ముద్దాయి బాల్యం, మానసిక స్థితి, జైలు ప్రవర్తన కాగితాలు ఎక్కడివి? వకీలు ముందే సేకరించాలి.

జవాబు 3: నక్సలైటు ఉద్యమంలోని రైతులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను 1975 డిసెంబరు 1న, ఎమర్జెన్సీలో ఉరితీశారు. 1993 చిలకలూరిపేట బస్సు దహనంలో 23 మంది కాలిపోయారు. ఆ ఇళ్ల దుఃఖాన్ని తక్కువ చేయకండి. అయినా ఉరి వద్దని ప్రజలు గట్టిగా అడిగారు, 1998లో రాష్ట్రపతి ఆ బస్సు కేసు దోషులిద్దరి ఉరినీ యావజ్జీవంగా మార్చారు.