ఒంటి బరువు పెరగకుండా చేతులు మాత్రమే లావెక్కుతాయా?

జిమ్‌కి వెళ్లడం మొదలుపెట్టి 14 నెలలైంది. ఎత్తు 175 సెంటీమీటర్లు, బరువు 61 కిలోలు. మొదటి ఆరు నెలల్లో చేయి బిగించి కొలిస్తే 29 నుంచి 32 సెంటీమీటర్లకు వచ్చింది. ఆ తర్వాత కదల్లేదు. ప్రతి ఆదివారం పొద్దున్నే టేపు చుట్టి చూస్తాను, అదే గీత దగ్గర ఆగుతుంది. చొక్కా చేతులు ఇప్పటికీ వదులుగా వేలాడుతూనే ఉన్నాయి. బరువు కూడా అప్పటి నుంచి 61 దగ్గరే ఉంది.

వారానికి రెండు రోజులు చేతులకే కేటాయిస్తున్నాను. పైచేతి కండలో ఎక్కువ భాగం వెనకవైపున్న ట్రైసెప్స్‌దేనని తెలిశాక ముందువైపు కండకు చేసే కర్ల్స్ తగ్గించి, ట్రైసెప్స్‌కి చేసే పుష్‌డౌన్లు పెంచాను. బలం పెరిగింది, డంబెల్ 8 కిలోల నుంచి 12కి వెళ్లింది. కొలత మాత్రం అంతే.

మా జిమ్‌లో ఒక అన్న, "ముందు ఒళ్లు పెరగనీ, చేతులు వాటంతటవే వస్తాయి. స్క్వాట్లు, పులప్స్ చెయ్, బాగా తిను" అంటాడు. నిజమే అనిపిస్తోంది. తిండి చాలకపోతే కొత్త కండ దేనితో వస్తుంది? కానీ పొట్ట వస్తుందేమోనని టెన్షన్. ప్రోటీన్ కిలోకి 1.6 గ్రాముల లెక్కన రోజుకు సుమారు 100 గ్రాములు తీసుకుంటున్నాను. మొత్తం కేలరీలు మాత్రం ఎప్పుడూ లెక్కపెట్టలేదు, తప్పు అక్కడే ఉందేమో.

నాలాగే సన్నగా ఉండి చేతులు పెంచుకున్నవాళ్లు దయచేసి చెప్పండి. చేయి ఒక్క సెంటీమీటరు పెరిగేసరికి మీ ఒంటి బరువు ఎంత పెరిగింది? రోజుకు 300 కేలరీలు ఎక్కువ తింటే సరిపోతుందా? చేతుల రోజులు రెండూ ఉంచాలా, ఒకటి తీసేసి కాళ్లకు, వీపుకు ఇవ్వాలా?